ఏడో నుయ్యి

దేవరాపల్లి,
ఫిబ్రవరి 7, శనివారం.

బావ త్రినాధరావుకి పరదేశి రాసేది.

మేం బావున్నాం. మీరు బావున్నారని మీ సెల్లి కాసులమ్మ ఫోన్లో కనుక్కుంది. నేను కనుక్కోలేదు. నీతో మాటాడనని నూకాలమ్మ మీద ఒట్టేసేను కదా. నువ్వూ ఏసేవు. మొన్న ఆదివారం మన బెల్లం గానుగ కాడ పదిమంది ముందు ఏసుకున్న ఒట్లు, వారం తిరక్కుండా తప్పితే అమ్మోరు ఊరుకోదు. కాసులమ్మే తీర్పు సెప్పింది. "మాటాడనని ఏసుకున్నారు గానీ రాయనని ఏసుకోలేదు కదా, కాగితాల మీద కొట్టుకోండి" అని. అందుకే ఈ కవరు.

తగువెందుకొచ్చిందో నువ్వు మర్సిపోయుండవు. అయినా రాత్తాను, రికార్డుండాలి. మన కుక్క బుల్లెట్టు నోరు ఏలాడేసుకుని, సొంగ కార్సుకుంటా మూల కూకుంది. నువ్వు సూసి "గొంతులో ఎముకడ్డింది" అన్నావు. సొక్కా సెయ్యి మడిసి మణికట్టు దాకా దాని నోట్లో పెట్టి ఎతికేవు. ఎముక దొరకలేదు. "అయితే గొంతు వాపు, గోరువెచ్చగా పాలు పట్టు" అన్నావు. దానికి నేను, "ముప్పై నాలుగేళ్ళు పశువులాస్పత్రిలో కాంపౌండరుగిరీ సేసి గేదెలకి సూదులేసేవు, కుక్కల సంగతి నీకేటి తెలుసు" అన్నాను. తప్పే. పదిమందిలో అనకూడదు, పక్కకి తీసుకెళ్ళి అనాలి. నువ్వు "నీ గుమ్మం తొక్కను" అని కూడా ఒట్టేసి బస్సెక్కీసేవు.

ఇప్పుడు సంగతి. మంగళారం నాడు నువ్వు సెప్పినట్టే పాలు పట్టబోయేను. అది తూలుకుంటా మీదకొచ్చి నా ఎడం పిక్క మీద పళ్ళు దించింది. పెద్ద గాయం కాదు, రెండు సోట్ల రక్తం. గురువారం పొద్దున్న బుల్లెట్టు సచ్చిపోయింది. తోటలో పూడ్సీసేం.

నువ్వు కంగారు పడొద్దు. గాయానికి కారం అద్దేను, పైన సున్నం రాసేను. ఏడు నూతులు కూడా సూసేను. మా అమ్మ సెప్పేది, కుక్క కరిత్తే ఏడు నూతుల్లో తొంగి సూడాలని. నీటిలో మన మొకం కనపడితే బయం లేదు, కుక్క మొకం కనపడితే అయిపోయినట్టే. అయితే బావా, ఈ రోజుల్లో ఏడు నూతులు ఎక్కడున్నాయి. ఊళ్ళో మూడే మిగిలేయి, మిగతావన్నీ బోర్లు. బోరులో ఏటి తొంగి సూత్తాం. మన పొలంలోది నాలుగోది. మోటారుసైకిలేసుకుని రావికమతం దాకా ఎల్లితే అక్కడ ఇంకో రెండు. ఏడోదానికి ఇనప సువ్వలేసి తాళం ఎట్టేరు. సందులోంచి సూత్తే సగం మొకమే కనపడింది. నాదే.

సగం మొకానికి లెక్కేటో నీకు తెలిత్తే రాయి. తొందరేం లేదు.

ఇట్లు,
పరదేశి


అనకాపల్లి, గవరపాలెం,
ఫిబ్రవరి 12.

శ్రీయుత పరదేశి బావగారికి,

మీ ఉత్తరం అయిదు రోజులకి అందింది. నలభై కిలోమీటర్లు కూడా లేని దూరం. "తొందరేం లేదు" అని మీరు రాసిన మాట తపాలావాళ్ళు కూడా చదివినట్టున్నారు.

చదివిన మరుక్షణం చెల్లెలికి ఫోన్ చేసేను. రేపు పొద్దున్నే మిమ్మల్ని ఆస్పత్రికి తోలుకెళ్తుంది. మీతో మాట్లాడలేదు గనక నా ఒట్టుకి భంగం లేదు. ముందు ఆ కారం, సున్నం వదిలేదాకా కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగించమన్నాను. ఆ పని మంగళవారమే చెయ్యాల్సింది. కుక్క కాటుకి చెప్పు దెబ్బ అంటారు, మీరు కుక్క కాటుకి కూర వండుకున్నారు.

ఎందుకో తెలిస్తేగాని మీరు మిగతా సూదులకి వెళ్ళరు కాబట్టి చెప్తున్నాను. ఇది పాము విషంలాగ రక్తంలో పోయేది కాదు. కంటికి కనపడని వైరస్సు. కుక్క ఉమ్మితో మీ పిక్క కండలో దిగింది. కొన్నాళ్ళు ఆ కండలోనే ఉండి పిల్లల్ని పెడుతుంది. తర్వాత ఆ కండలోకి వచ్చిన నరం కొస పట్టుకుంటుంది. మన ఒంట్లో రక్తం అంటే హైవే రోడ్డు బావగారూ, అక్కడ కాపలా ఎక్కువ, ఎవరొచ్చినా పట్టుకుంటారు. నరం అంటే చెరకుతోట మధ్య గట్టు. అటూ ఇటూ చెరకు, లోపల నడిచేవాణ్ణి ఎవడూ చూడడు. అలాగ రోజుకి అంగుళమో రెండంగుళాలో నడిచి వెన్నుపాము చేరి, అక్కణ్ణించి బుర్రలోకి ఎక్కుతుంది. దారిలో ఉన్నన్నాళ్ళూ జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. మీరు మాత్రం నూతుల్లో మొహం చూసుకుని సంతోషపడుతూ ఉంటారు.

సూది పని ఏమిటంటే, అది గట్టెక్కకముందే కాపలావాళ్ళని లేపడం. బుర్ర చేరేక దేశంలోని డాక్టర్లందరూ వచ్చి మంచం చుట్టూ నిలబడ్డా చేసేది లేదు.

ఒక్క అదృష్టం ఉంది. మీరు పొడుగు మనిషి, పిక్కకీ బుర్రకీ దూరం ఎక్కువ. పుట్టిన తర్వాత మొదటిసారి మీ పొడుగు ఒకదానికి పనికొచ్చింది. బుర్ర చేరేక అక్కడ దానికి తినడానికి ఏమైనా దొరుకుతుందా అన్నది వేరే సంగతి.

సగం మొహానికి లెక్క లేదు. పూర్తి మొహానికీ లేదు.

ఇట్లు,
కె. త్రినాధరావు,
విశ్రాంత పశువైద్య సహాయకుడు (గేదెలకీ, కుక్కలకీ)

తా.క. అక్షరాలు వంకరగా ఉంటే చదువులేక కాదు. మీ ఊరు వచ్చిన ముందురోజు కొబ్బరి కోరుతూ కుడి చూపుడువేలు కోసుకున్నాను. ఇంకా కట్టు ఉంది.


దేవరాపల్లి,
ఫిబ్రవరి 21.

బావా,

మూడు సూదులు అయిపోయేయి. పదమూడు, పదహారు, ఇరవై. నాలుగోది మార్చి పదమూడున. మీ సెల్లి కేలండరు మీద ఎర్ర పెన్నుతో సుట్టింది.

ఆస్పత్రిలో నర్సమ్మ రోజలిన్ గారు నా పిక్క సూసి, "కారం ఎవరద్దేరు" అంది. నేనేనన్నాను. "ఉప్పు మర్సిపోయేవేటి" అంది. నీకూ ఆవిడకీ సుట్టరికం ఉందేమో కనుక్కో. సెయ్యి మీద మందు సూది సీమ కుట్టినట్టే ఉంది. కానీ గాయం సుట్టూ ఇంకో సూదుంటాది, సీరం అంటారు, అది పిక్కలో పొడిసి పొడిసి ఎక్కించేరు. పక్కూరి కుర్రోడెవడో నా కేక ఇని లైన్లోంచి పారిపోయేడు. ఆణ్ణి ఆళ్ళమ్మ పట్టుకొచ్చింది. నాకు సిగ్గేసింది గానీ, కాపలావోళ్ళు లేవడానికి ఇంకా టయం పడతాది, అందాకా ఈ సీరం అరువు కాపలా అని ఆవిడ సెప్తే బాగానే అనిపించింది.

నువ్వు రాసిన గట్టు సంగతి గానుగ కాడ అందరికీ సదివి వినిపించేను. ఇప్పుడు మా ఊళ్ళో కుక్క కరిత్తే సబ్బు సబ్బు అని అరుత్తున్నారు. నీ పేరు సెప్పలేదు. ఒట్టుంది కదా.

ఒకటే బోదపడలేదు. అది నా పిక్కలోంచి బుర్రకెక్కుద్ది, సరే. మరి కుక్క బుర్రలోది కుక్క నోట్లోకి ఎలాగొచ్చింది? బుల్లెట్టు దవడ అలాగెందుకు ఏలాడింది? నీళ్ళకీ దీనికీ ఏటి సంబంధం? గొంతు వాపని నువ్వన్నావు కాబట్టి నిన్నే అడుగుతున్నాను.

ఇట్లు,
మీ బావ పరదేశి


అనకాపల్లి,
ఫిబ్రవరి 26.

బావా,

మూడు సూదులు పడ్డాయంటే నాకు మూడు రాత్రుల నిద్ర తిరిగొచ్చింది. "మీరు" అని రాయడం ఇక్కడితో మానుతున్నాను, చెయ్యి నొప్పి పుడుతోంది.

మంచి ప్రశ్న అడిగేవు. బుర్ర చేరేక అది అక్కడ ఊరికే కూర్చోదు. కోట్లకి కోట్లు పెరిగి తిరుగు ప్రయాణం కడుతుంది. మళ్ళీ నరాల గట్ల వెంటే, ఈసారి పైనించి కిందికి. ఒంట్లో అన్ని మూలలకీ దిగుతుంది గానీ దానికి కావలసిన మూల ఒక్కటే, ఉమ్మి ఊరే గ్రంథులు. అక్కడ గుడారం వేస్తుంది. అదే సమయానికి గొంతు కండలు పట్టేస్తాయి. మింగలేక కక్కలేక అంటాం చూడు, ఆ మాట పుట్టిందే ఇందుకనిపిస్తుంది. ఉమ్మి లోపలికి పోదు, నోట్లోనే నిలుస్తుంది, ఆ ఉమ్మి నిండా అదే. బుర్రని రెచ్చగొట్టి కరవమంటుంది. కరిస్తే ఇంకో ఒంట్లోకి దారి. మన పంచాయితీ ఎలక్షన్లలో కూడా ఇంత పకడ్బందీగా ఎవడూ పని చెయ్యలేదు.

నీళ్ళ సంగతి కూడా అదే. దాహం ఉంటుంది. గ్లాసు చూసేసరికి గొంతు మెలిపెట్టేస్తుంది. ఆ నొప్పికి మనిషి నీళ్ళంటేనే వణికిపోతాడు. మీ అమ్మ చెప్పిన ఏడు నూతులూ ఇక్కణ్ణించే వచ్చుంటాయి. అది మందు కాదు బావా, పరీక్ష. ఫలితాలు వచ్చేసరికి పరీక్ష రాసినవాడు ఉండడు.

ఇక దవడ. అన్ని కుక్కలూ పిచ్చెత్తి రోడ్ల మీద తిరగవు. కొన్ని నోరు వేలాడేసి, సొంగ కారుస్తూ మూల కూర్చుంటాయి. చూడడానికి గొంతులో ఎముక అడ్డుపడినట్టే ఉంటుంది. అనుభవమున్న సిబ్బంది కూడా కొందరు పొరపడి నోట్లో చెయ్యి పెడుతూ ఉంటారు. అది చెయ్యకూడదని ట్రైనింగులో మొదటి వారమే చెప్తారు. కరవనక్కర్లేదు, తెగిన చర్మానికి ఆ ఉమ్మి తగిలితే చాలు. అందులోనూ చేతివేళ్ళంటే నరాల పుట్ట, పైగా బుర్రకి దగ్గర.

నీ నాలుగో సూది మర్చిపోకు.

ఇట్లు,
త్రినాధరావు


దేవరాపల్లి,
మార్చి 3.

బావా,

నీ ఉత్తరం గానుగ కాడ సదవలేదు. ఇంట్లో తలుపేసుకుని సదివేను. రెండుసార్లు సదివేను.

తర్వాత సెరుకు కొలిసే తాడు తీసేను. నా పిక్కనించి నడుం దాకా, అక్కణ్ణించి ఎన్నెముక మీదుగా మెడ దాకా కొలిసేను. మా కాసులమ్మ నీ ఎత్తే కదా, దాని సూపుడేలు కొసనించి బుజం మీదుగా మెడ దాకా కొలిసేను. నా దారి ఐదడుగులు సిల్లర. నీ దారి మూడడుగులు కూడా లేదు.

అనుభవమున్న సిబ్బంది కొందరు అంటే ఎవరు బావా? నాకు తెలిసి ఒక్కడే. ముందురోజు కోసుకున్న ఏలితో, కట్టు కూడా లేకుండా, బుల్లెట్టు నోట్లో అటూ ఇటూ కెలికేడు. కెలికి బస్సెక్కేడు. సబ్బు ముట్టుకున్నాడో లేదో తెలీదు. నాకు సెప్పేవి శ్రీరంగ నీతులు. పాఠం సెప్పడం మొదలెడితే ఎవరి మీద సెప్తన్నావో కూడా సూసుకోవు.

కాసులమ్మ సేత ఫోన్ సేయించేను. "నాకు డిపార్టుమెంటులో ఎప్పుడో ఏసేరు" అన్నావంట. రోజలిన్ గార్ని అడిగేను. ముందెప్పుడు ఏయించుకున్నా సరే, మళ్ళీ కుక్క తగిలితే రెండు సూదులు పడాలి అంది. నీ రెండు సూదులేవి? ఏ తారీకు?

తారీకులు రాయి. ఇంకేటీ రాయకు.

పరదేశి


అనకాపల్లి,
మార్చి 8.

పరదేశికి,

నా చెయ్యి, నా వేలు, నా బుర్ర. వాటి మధ్య దూరం తాడేసి కొలిచే పని నీకు ఎవరూ అప్పగించలేదు.

తొంభై ఏడులో మా సిబ్బందికందరికీ టీకాలు వేసేరు. రిజిస్టరులో నా సంతకం ఉంది. ఎవరైనా చూసుకోవచ్చు. ఆ రిజిస్టరు ఎక్కడుందో నాకు తెలీదు, అది వేరే విషయం. నేను చేతులు పెట్టిన నోళ్ళు లెక్కేస్తే మీ మండలంలో ఓటర్లకన్నా ఎక్కువ. నాకు ఏ నోరు ఎలాంటిదో తెలుసు. ఆ రోజు ఇంటికొచ్చి సబ్బుతోనే కడుక్కున్నాను. భోజనానికి ముందు ఎలాగూ కడుక్కుంటాం.

మా ఆవిడ కనకమహాలక్ష్మికి ఇవేవీ రాయకు, చెప్పకు. ఆవిడకి బీపీ.

ఈ విషయమై ఇక ఉత్తరాలు అనవసరం. బెల్లం ఎలా ఉందో రాయి.

త్రినాధరావు


అనకాపల్లి, గవరపాలెం, మీ వీధరుగు,
మార్చి 13, పొద్దున్న తొమ్మిదిన్నర.

బావా,

బెల్లం బాగుంది. ఒక దిమ్మ తెచ్చేను, అక్క సేతికిచ్చేను.

ఈ ఉత్తరం తపాలాలో ఎయ్యలేదు. అయిదు రోజులు ఆగే ఓపిక నాకు లేదు. మీ అరుగు మీద కూకుని రాసి కనకమహాలక్ష్మక్కకి ఇత్తన్నాను. నువ్వు నడింట్లో కూకుని పేపరు సదువుతున్నట్టు నటిత్తన్నావని అక్క సెప్పింది. పేపరు నిన్నటిదంట.

నా నాలుగో సూది ఈ రోజే. దేవరాపల్లిలో ఏయించుకోకుండా మీ ఊరి పెద్దాస్పత్రిలో ఏయించుకోవాలని కార్డు పట్టుకొచ్చేను. ఒక్కణ్ణీ ఎల్లను. నీతో మాటాడను, నా ఒట్టు నాది. నీ గుమ్మం తొక్కనని నేనెప్పుడూ అన్లేదు, అయినా తొక్కను. అరుగు మీద ఉంటాను. నువ్వు సొక్కా ఏసుకుని వచ్చీదాకా ఉంటాను.

అక్కకి మొత్తం సెప్పీసేను. బీపీ సంగతి అలాగుంచు, ఆవిడ కత్తిపీట పక్కనెట్టి లేసింది.

నువ్వే రాసేవు, దారిలో ఉన్నన్నాళ్ళూ నొప్పుండదని. నలభై రోజులయింది. ఇంకా దారిలోనే ఉంటే పట్టుకోవచ్చు.

పరదేశి


నడిల్లు,
పది గంటలు.

బావా,

చదివేను. ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది గనక తొందరగా రాస్తున్నాను.

తొంభై ఏడులో రిజిస్టరులో సంతకం నాదే. సూది మాత్రం నాకు పడలేదు. సంతకం పెట్టి, చొక్కా చెయ్యి మడిచి, నా ముందున్నవాడికి సూది గుచ్చుతుంటే చూసి, దొడ్డిదారిన సైకిలెక్కి వెళ్ళిపోయేను. నాకు సూదంటే భయం బావా. చిన్నప్పణ్ణించీ. గేదెలకీ, మేకలకీ, కుక్కలకీ వేసినవి లక్ష ఉంటాయి. నా ఒంటికి ఒకటి వస్తోందంటే గొంతు పట్టేస్తుంది, ఒళ్ళు వణుకుతుంది, చెమట పోస్తుంది. నీళ్ళు చూసినవాడి లక్షణాలన్నీ నాకు సూది చూస్తే వస్తాయి. ఈ సంగతి మా ఆవిడకి కూడా తెలీదు. ఇప్పుడు భుజం మీంచి చదువుతోంది.

బుల్లెట్టు నోట్లోంచి చెయ్యి తీస్తున్నప్పుడే నాకు అనుమానం తగిలింది. బస్సులో కూర్చుని వేలు చూసుకుంటూ వచ్చేను. నీకు అప్పుడే చెప్పుంటే నువ్వు పాలు పట్టేవాడివి కాదు, నీ పిక్క బాగుండేది. చెప్తే నాకు తెలీలేదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే సూది వేయించుకోవాలి. రెండూ చేతకాక ఒట్టు పట్టుకుని కూర్చున్నాను. నీ ఉత్తరం రాగానే చెల్లెలికి ఫోన్ చేసింది నీ మీద ప్రేమతోనే, కాదనను. ఆ రోజే నేనూ వెళ్ళాల్సింది. వెళ్ళి ఆస్పత్రి గేటు దాకా చూసి తిరిగొచ్చేను, రెండుసార్లు.

నువ్వు తాడుతో కొలిచిన ఉత్తరం వచ్చిన రోజునించీ వేలు చిమచిమలాడుతోంది. కరిచిన చోట చిమచిమలాడడం రోగం మొదలైందనడానికి గుర్తని నాకు తెలుసు. ఆ సంగతి నీకు రాసిన పాఠంలో కావాలనే వదిలేసేను. ఇప్పుడు వెళ్ళి లాభం ఉందో లేదో తెలీదు.

త్రినాధరావు


అరుగు,
పదింబావు.

లే.

నా పిక్క కూడా సిమసిమలాడింది, నీ మొదటి ఉత్తరం సదివిన రాత్రంతా. రోజలిన్ గారు సూసి, కారం అద్దితే మంటెత్తదా అంది.

ఎన్నాళ్ళయినా సరే, లక్షణాలు రాలేదంటే సూదికి టయం ఉన్నట్టే అని కూడా అంది. నువ్వు గేదెల పుస్తకం సదివేవు, ఆవిడ మనుషుల పుస్తకం సదివింది. ఆవిడ మాటే ఇంటాను.

ఒట్టు మాట మీదే ఉంది, సెయ్యి మీద లేదు. ఆస్పత్రిలో నీ సెయ్యి నేను పట్టుకుంటాను. నువ్వు గోడకేసి సూడు. కేకెయ్యాలంటే ఎయ్యి, నేనేసేను కదా.

మంచినీళ్ళు తాగి రా. అక్క గ్లాసు పట్టుకుని నిలబడింది. తాగడం నేను గుమ్మం ఇవతలనించి సూత్తాను.


అనకాపల్లి,
ఏప్రిల్ 12, ఆదివారం.

బావా,

మొన్న పదో తారీకున నాలుగోది పడింది. కార్డు నిండింది. నీ కార్డూ నా కార్డూ పక్కపక్కన పెట్టి మా ఆవిడ దేవుడి పటం వెనకాల దాచింది. టీకా శాస్త్రం ప్రకారం అది సరైన చోటు కాదు. అయినా అక్కడే ఉంచేను.

ఆ మొదటి రోజు సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. నీ కేకకి పక్కూరి కుర్రాడు ఒకడే పారిపోయేడు, సీరం వేలి చుట్టూ ఎక్కించినప్పుడు నేను వేసిన కేకకి లైను మొత్తం చెదిరింది. నువ్వు నా ఎడం చెయ్యి పట్టుకున్నావు. నవ్వను కూడా లేదు. ఆ తర్వాత సూదులకి నేనొక్కణ్ణే వెళ్ళేను, అయితే వెళ్ళిన ప్రతిసారీ ఎడం చెయ్యి గుప్పిట బిగించే ఉంచేను.

డాక్టరు చెప్పింది కూడా రాస్తున్నాను. మామూలుగా మూడు నెలలలోపు బయటపడుతుంది. ఎక్కడో ఒకరికి ఏడాది కూడా పడుతుంది. సూదులు ఆలస్యంగా పడ్డాయి కాబట్టి గట్టు మీద ఎవడైనా ముందే ఎక్కేడా లేదా అన్నది ఎవరూ చెప్పలేరు. పడ్డాయి గనక ధైర్యంగా ఉండమన్నాడు. ఉన్నాను. రెండు నెలలు దాటేయి. వేలు చిమచిమ మానేసింది. భయానికి కూడా వేలు చిమచిమలాడుతుందని మా పుస్తకంలో లేదు.

రోజూ పొద్దున్న లేవగానే మొదట చేసేది నీళ్ళ గ్లాసు ముందు పెట్టుకుని చూడడం. తర్వాత తాగడం. గుటక దిగుతుంది. అప్పుడు మా ఆవిడ కాఫీ కలపడానికి వెళ్తుంది. అంతవరకూ ఆవిడ ఏదో పని ఉన్నట్టు గుమ్మంలో నిలబడి చూస్తుంది, నేను చూడనట్టు ఉంటాను.

ఇప్పుడు నువ్వు నవ్వుకునే సంగతి. ఉగాది అయిన మర్నాడు నూకాలమ్మ గుడికెళ్ళి వస్తుంటే దారిలో ఒక ఇంటి పెరట్లో నుయ్యి కనపడింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, విశ్రాంత పశువైద్య సహాయకుణ్ణి, అటూ ఇటూ చూసి ఎవరూ లేరని తొంగి చూసేను. నా మొహమే. పూర్తిగా. దాంతో ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. మూడు వారాలుగా అనకాపల్లి సందులన్నీ తిరుగుతున్నాను. నువ్వు చెప్పింది నిజమే, అన్నీ బోర్లు. ఉన్నవాటి మీద పలకలు వేసి పూలకుండీలు పెట్టేరు. ఒకావిడ నేను నూతిలో దూకడానికి వచ్చేననుకుని కేకలేసింది. కుక్క కరిచిందమ్మా అని చెప్తే, పాపం అని కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. మొత్తం మీద ఆరు అయ్యేయి. ఇందులో శాస్త్రం ఏమీ లేదని నాకు తెలుసు. ఫిబ్రవరిలో నేనే రాసేను. సూదులు ఒంటికి పడ్డాయి, మనసుకి ఇంకా ఏదో కావాల్సొచ్చింది.

ఏడోది ఈ ఊళ్ళో దొరకలేదు. మీ పొలంలో ఉంది కదా. బుధవారం మొదటి బస్సుకి వస్తున్నాను. నీ గుమ్మం తొక్కనని ఒట్టేసేను గానీ నీ గట్టు తొక్కనని వెయ్యలేదు. చెల్లెలితో చెప్పు, అన్నం గట్టు మీదకే తెమ్మని.

మాట్లాడడం సంగతి అమ్మవారితో మాట్లాడుకుంటున్నాను, ఇంకా తేలలేదు. నువ్వేమీ అనక్కర్లేదు. నేను తొంగి చూస్తున్నప్పుడు పక్కన నిలబడి ఎడం చెయ్యి పట్టుకో. నీళ్ళలో ఇద్దరి మొహాలూ కనపడాలి.

ఇట్లు,
మీ బావ,
త్రినాధరావు